ఆ సాయంత్రం అనకూడని మాట

పన్నే అయ్యుంటుంది, ఇంకేం ఉంటుంది, అనుకుంది యుస్తినా. ఎడమ దవడని అరచేత్తో ఒత్తిపట్టి, రెండో చేత్తో గోధుమల గిన్నెలో గరిటె తిప్పుతూ నిలబడింది. తెల్లవారి లేచినప్పటినుంచీ ఇదే వరస. సలుపు అనడానికీ లేదు, పోటు అనడానికీ లేదు. ఎవరో లోపలినుంచి బొటనవేలు పెట్టి నొక్కి, కాసేపు వదిలి, మళ్ళీ గుర్తొచ్చినట్టు నొక్కుతున్నారు. పండగ వెళ్ళనీ, పీకించేస్తే పోతుంది. ముందు ఈ గోధుమలు పగలాలి. నిన్నటినుంచీ నానినవి, మధ్యాహ్నంనుంచీ ఉడుకుతున్నవి, ఒక్క గింజా నోరు విప్పడం లేదు. వీటిలో తేనె, గసగసాలు కలిపి, మొదటి చెంచాడు ఇంటాయన నోట్లో పెట్టుకుంటే గాని క్రిస్మస్ ముందునాటి ఈ పవిత్ర సాయంత్రం భోజనం మొదలవదు. అది కూడా ఆకాశంలో తొలి చుక్క పొడిచాకే. అందాకా ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టరు. పొద్దున్నుంచీ మంచినీళ్ళు తప్ప తనూ ఏమీ ముట్టలేదు, అందుకే ఈ కళ్ళు తిరగడం, అందుకే కడుపులో ఈ తిప్పుడు. కిటికీ బయట మైరన్ వాకిట్లో మంచు తీసే యంత్రాన్ని తోస్తున్నాడు, దాని మోత దగ్గరకొచ్చి దూరం పోతోంది, అద్దం అంచుల్లో మంచు తెల్లగా పేరుకుంది, తన మెడ వెనక మాత్రం చెమట జారుతోంది. పొయ్యి వేడికి. పొయ్యి వేడికి పట్టే చెమట ఇంత చల్లగా ఉంటుందా? ఉంటుందేమో, ఎవరు చూశారు.

ఎడమ చెయ్యి బరువుకి కారణం మాత్రం ఆమెకి తెలుసు. పార్సెళ్ళు. ఈ ఊళ్ళో తపాలా ఆఫీసంటే తనూ, ఒక తూకం యంత్రమూ, తలుపుకి కట్టిన గంటా. డిసెంబరు వచ్చిందంటే ఆ గంట ఆగదు. గోడకి ఆనించి పార్సెళ్ళు గుట్టలు పడతాయి, ఎవరి పేరు పిలిచినా అవి అడుగునే ఉంటాయి, వంగి లాగాలి. ఇదివరకు ఆ పని ఎంత ఒళ్ళు హూనం చేసినా భరించేది, ఎందుకంటే తమ పండగ వేరే ఉండేది. పాత క్యాలెండరు లెక్క ప్రకారం జనవరిలో వచ్చేది. ఊరందరి క్రిస్మసూ అయిపోయి, దీపాల తీగలు విప్పేసి, ఎండిన చెట్లని వీధి చివర మంచులో పారేసి, దుకాణాల్లో పాటలు ఆపేశాక, ఎవరికీ పట్టని ఒక రోజున మెల్లిగా వచ్చేది. అప్పటికి తపాలా ఆఫీసు ఖాళీ. గంట మోగేది కాదు. గసగసాలు నూరుకుంటూ కూర్చుంటే మనసు కూడా అలాగే మెత్తగా నలిగి, వాసన వేసేది. పోయిన ఏడాది చర్చిలో చేతులెత్తించి అడిగారు, అందరితోపాటు డిసెంబరులోనే చేసుకుందామా అని. పిల్లలకి సెలవులు కలిసొస్తాయి కదా అని తనూ ఎత్తింది. ఇప్పుడు బరువెక్కి వేలాడుతున్న ఈ చెయ్యే ఎత్తింది. ఈసారి నిన్న సాయంత్రం దాకా పార్సెళ్ళు లాగి, అర్ధరాత్రి దాకా పిండి రేకుల్లో బంగాళాదుంప కూరి పిరోహీలు మడిచి, పొద్దున్నే లేచి క్యాబేజీ ఆకులు ఉడకబెట్టి, ఒక్కొక్క ఆకులో అన్నం పెట్టి చుట్టలు చుట్టి. చేస్తున్నంతసేపూ ఏదో వెనకనుంచి తరుముకొస్తున్నట్టు. ఏది తరుముతోందో వెనక్కి తిరిగి చూడడానికి తీరిక లేదు.

“అమ్మా, మళ్ళీ దవడ పట్టుకున్నావు,” అంది కూతురు రోమానా, చంకలో ఎండుగడ్డి కట్టతో లోపలికొస్తూ. బల్లమీది గుడ్డ కింద పరచడానికి ఆ గడ్డి.

“పన్ను.”

“పన్నూ కాదు పాడూ కాదు, ఒత్తిడి. నిద్రలో పళ్ళు కొరుకుతావు నువ్వు, నిన్న రాత్రి గోడవతలకి వినబడింది. ఒక్క క్షణం కూర్చో. ముక్కుతో పీల్చు, పట్టుకో, నోటితో వదులు.”

“యాభై ఎనిమిదేళ్ళుగా పీలుస్తూనే ఉన్నాను. లేకపోతే నువ్వెక్కడినుంచి వచ్చావు?”

“జోకులొద్దు. ఈసారి ఆరు రకాలు చాలు అని ముందే చెప్పాను కదా. ఏసుప్రభువు పుట్టింది పశువుల పాకలో. ఆ పూట మరియమ్మ పన్నెండు వంటలు చేసిందా?”

“చెయ్యలేదు. అందుకే ఇన్నేళ్ళుగా మనం చేస్తున్నాం.”

రోమానా నవ్వి వెళ్ళిపోయింది. కాల్గరీలో ఆఫీసు వాళ్ళు దానికి ఊపిరి పాఠాలు చెప్పించారు, పండగల్లో మనసు కుదుటపరచుకునే మార్గాలని ఫోనులో ఏవో పంపిస్తుంటారు, అది వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కొక్కటే ఈ ఇంటి మీద ప్రయోగిస్తోంది. పని తగ్గించుకో. కాదనడం నేర్చుకో. నీకు నిజంగా అర్థం ఉన్నది ఏదో అదే చెయ్యి. అర్థం ఉన్నది. యుస్తినా ముక్కుతో పీల్చి చూసింది. సగం దాకా వచ్చి ఊపిరి ఆగిపోయింది, ఛాతీలో ఎవరో బల్ల అడ్డంపెట్టినట్టు. ఒత్తిడి. మంచి మాట దొరికింది. పెద్ద గోనెసంచి లాంటి మాట, ఏ నొప్పి వేసినా పట్టేస్తుంది, మూతి కట్టేసి మూల పడెయ్యొచ్చు. నిజానికి ఎందులో ఉంది అర్థం? ఒక ఏడాది, రోమానా ఇంకా కుర్చీమీద దిండు వేస్తే గాని బల్ల అందని వయసులో, మూడు రోజులు మంచు తుఫాను పట్టి దారులన్నీ మూసేశారు. ఎవరూ రాలేదు. ఇంట్లో ఉన్నవి గోధుమలు, బీట్‌రూట్ చారు, ఉడకబెట్టిన బంగాళాదుంపలు. ముగ్గురూ ఒకే కొవ్వొత్తి చుట్టూ కూర్చుని, ఒకే గిన్నెలోంచి తిన్నారు. మైరన్ ఒక చెంచా గోధుమలు ఆచారం ప్రకారం కప్పుకేసి విసిరితే అవి వచ్చి అతని నెత్తినే పడ్డాయి, పిల్ల ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది. తుఫానుకి కూతురింట్లో చిక్కుపడ్డ అత్తగారు ఫోను చేసి పన్నెండూ చేశావా అని అడిగింది. పన్నెండూ చేశాను అని చెప్పింది తను. ఆ అబద్ధం ఎంత తియ్యగా ఉందో. అంత తేలికైన పవిత్ర సాయంత్రం మళ్ళీ రాలేదు. మరి మరుసటేడు మళ్ళీ పన్నెండూ ఎందుకు చేసింది? ఎవరడిగారు?

గిన్నె అడుగున ఏదో అంటుకున్న వాసన. గరిటె వేగంగా తిప్పబోతే చెయ్యి వినలేదు. కిటికీలో వెలుగు పలచబడింది. నీలం కమ్ముకుంటోంది, మంచుమీద నీడలు ఊదా రంగుకి తిరిగాయి. ఈ వేళప్పుడే ఇల్లు నిశ్శబ్దం అవుతుంది, తినని కడుపులతో అందరూ మాటలు తగ్గిస్తారు. పన్ను అంది గాని నొప్పి అనలేదు తను, ఆ సంగతి ఇప్పుడు తట్టింది. ఒత్తిడి అని అది అంటే ఊరుకుంది. ఈ సాయంత్రం ఇంట్లో ఏం జరిగితే ఏడాదంతా అదే జరుగుతుందని ఈ ఇంటి నమ్మకం. ఈ పూట పోట్లాడకూడదు. ఏడవకూడదు. జబ్బు పేరు ఎత్తకూడదు, ఎత్తితే అది వచ్చి పొయ్యి పక్కన పీట వేసుకుంటుంది. కోడలిగా ఈ ఇంటికొచ్చిన మొదటేడే నేర్చుకుంది ఆ మాట. నూనె చింది మణికట్టు కాలితే అరవబోయింది. అత్తగారు పరస్కేవ ఒక్క అంగలో వచ్చి, తడిగుడ్డ చుట్టి, తన పెదాల మీద వేలు పెట్టింది. “ఇవాళ కాదు పిల్లా. రేపు ఏడువు, నేనూ ఏడుస్తాను నీతో.” ఆ రాత్రి బొబ్బలెక్కిన చేతిని ఒళ్ళో దాచుకుని, రెండో చేత్తో అందరికీ వడ్డించింది. పడుకోబోయేటప్పుడు అత్తగారు వచ్చి ఆమె నుదుటిమీద ముద్దు పెట్టింది. ఎంత గర్వపడిందో ఆ ముద్దుకి. మరునాడు ఏడుపు రాలేదు. ఒకరోజు ఆపుకున్న ఏడుపు మరునాడు రమ్మంటే వస్తుందా.

వీధి తలుపు దడాలున తెరుచుకుని చలిగాలి వంటింటి దాకా కొట్టింది. మైరన్ అక్క ఒదార్కా, చెంపలు ఎర్రగా కమిలి, చేతిలో పుట్టగొడుగుల గిన్నె.

“ఏమే యుస్త్యా, అవి గోధుమలా, గులకరాళ్ళా?”

“నీ మనసులాంటివి ఒదార్కా. ఎంత ఉడికించినా మెత్తబడవు.”

“మా అమ్మ వండితే మధ్యాహ్నానికల్లా పగిలేవి. నిప్పు తగ్గించు, మాడుతున్నాయి. నీ మొహమేంటి అలా ఉంది, పిండిలో ముంచి తీసినట్టు?”

“పిండే. పొద్దున్నుంచీ పిండిలోనే ఉన్నాను.”

“అత్తా, నువ్వైనా చెప్పు అమ్మకి,” రోమానా పక్కగదిలోంచి అరిచింది. “వచ్చే ఏడు ఆరు వంటలే.”

“ఆరుకి ఆరుగురు అపొస్తలులు లోపలికొస్తారు. తక్కిన ఆరుగుర్నీ ఏం చేద్దామే, బయట చలిలో నిలబెడదామా?” ఒదార్కా కోటు విప్పుకుంటూ పక్కగదిలోకి నడిచింది. వాళ్ళ నవ్వులు వినబడ్డాయి. తరవాత నవ్వులు ఆగాయి.

“అమ్మా,” అంది రోమానా గుమ్మంలోకొచ్చి. “కంచాలు నువ్వేనా పెట్టింది?”

“నేనే. ఏం?”

“మనం నలుగురం. పోయినవాళ్ళకి ఒకటి. అయిదు ఉండాలి.” గొంతు తగ్గించింది. “ఆరు పెట్టావు.”

యుస్తినా వెళ్ళి చూసింది. తెల్లటి గుడ్డ కింద గడ్డి ఎగుడుదిగుడులు, నాలుగు మూలలా వెల్లుల్లి రెబ్బలు, మధ్యలో రొట్టె, రొట్టెలో గుచ్చిన కొవ్వొత్తి. గోడవైపు, పోయినవాళ్ళ కోసం పెట్టే కంచం పక్కనే, దాన్ని ఆనుకుని ఇంకొకటి. పెట్టినట్టు గుర్తే లేదు. చెంచా కూడా పెట్టింది, గ్లాసు కూడా. ఒదార్కా వచ్చి ఆ కంచం ఎత్తి, అలమారలో దొంతరమీద కాకుండా అన్నింటికన్నా అడుగున దోపింది. “లెక్క తప్పింది, అంతే,” అంది ఎవరి మొహమూ చూడకుండా. అంతే. పార్సెళ్ళ లెక్కలు చేసి చేసి అలవాటైన చెయ్యి, ఒకటి ఎక్కువ పెట్టింది. అంతే. పక్కగది గోడమీద తన నీడ, కొవ్వొత్తి ఇంకా వెలిగించలేదు కదా, దీపం ఏ వైపుంది, నీడ ఎందుకు అలా ఊగుతోంది. ఊగుతున్నది తనే.

ఎండుపళ్ళ రసం జాడీ తేవాలి. ఆ పేరు చెప్పి వెనక వరండాలోకి వెళ్ళింది. వేడి చెయ్యని గది, శీతాకాలమంతా అదే వాళ్ళ చలువపెట్టె. వరసగా మూతపెట్టిన గిన్నెలు, ఊపిరి తెల్లగా తేలుతోంది. చలి మొహానికి తగలగానే హాయిగా అనిపించింది, ఆ హాయిలోనే అది వచ్చింది. ఛాతీ మధ్యలో పెద్ద పిడికిలి బిగుసుకుని, అక్కడినుంచి వీపులోకి, భుజంలోకి, దవడలోకి. జాడీ మూతమీద చెయ్యి ఆనించి నిలబడింది. కేకెయ్యలేదు. అలవాటు కొద్దీ పెదాలు మూసుకుపోయాయి. ఒత్తిడి. పార్సెళ్ళు. ఉపవాసం. పన్ను. నాలుగు పేర్లు పెట్టింది, నాలుగూ పక్కపక్కన నిలబెడితే ఒకే మొహంలా ఉన్నాయి. ఎక్కడ చూసింది ఈ మొహం? బల్ల చివర, కిటికీ పక్కన, నల్ల శాలువాలో. అత్తగారు. ఆ ఏడాది పవిత్ర సాయంత్రం ఆమె ఏమీ తినలేదు. పన్నెండు వంటలూ ముందు పెట్టుకుని, ఒక చేత్తో గుడ్డ కింది గడ్డిని పిడికిట పట్టుకుని, రెండో అరచెయ్యి దవడకి ఆనించుకుని కూర్చుంది. మొహం మైనంలా ఉంది. ఏమిటమ్మా అని మైరన్ అడిగితే చిరునవ్వు నవ్వి, పన్ను నాయనా, అంది. అందరూ సరే అన్నారు. పాటలు పాడారు. ఆమె కూడా పెదాలు కదిపింది. తెల్లారేసరికి లేదు. జనవరి నేల రాయిలా గడ్డకట్టి ఉంటే, టైర్లు తగలబెట్టి మట్టి కరిగించి గొయ్యి తీశారు. ఆ నల్ల పొగ చర్చి గోపురం చుట్టూ రెండు రోజులు తిరిగింది. వయసైంది, నిద్రలో పోయింది, పుణ్యాత్మురాలు, పండగ పూట పోయింది అన్నారు. తనూ అంది.

పన్ను.

అత్తగారికి పళ్ళెక్కడివి?

ఆమె కట్టుడు పళ్ళ సెట్టు రోజూ రాత్రి తనే కడిగేది. గ్లాసులో నీళ్ళు పోసి తొట్టి పక్కన పెట్టేది, పొద్దున్నే తీసిచ్చేది. పైనా కిందా ఒక్క సొంత పన్ను లేదు ఆమెకి, రోమానా పుట్టకముందే ఊడగొట్టించుకుంది. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. పన్ను అంటే అందరూ సరే అన్నారు. ఆమె అబద్ధమాడింది, పండగ పూట జబ్బు మాట ఎత్తలేక. వాళ్ళు నమ్మారు, పండగ పూట నమ్మకపోవడం ఇష్టంలేక. ఇప్పుడు తన చెయ్యి తన దవడమీద. అదే చెయ్యి, అదే దవడ. ఆ అరచేతిని అక్కడినుంచి తీసెయ్యాలనుకుంది. రాలేదు.

“పొడిచింది!” వీధి వాకిట్లోంచి రోమానా కేక, చిన్నపిల్లలా. “నాన్నా, అదుగో, గిడ్డంగి పైన! తొలి చుక్క! అమ్మా, రా!”

మంచు యంత్రం మోత ఆగింది. బూట్ల చప్పుళ్ళు, తలుపు, నవ్వులు, అగ్గిపుల్ల గీసిన శబ్దం. ఎలా వచ్చిందో తెలియదు, బల్ల దగ్గర తన కుర్చీ వెనక నిలబడి ఉంది. కొవ్వొత్తి వెలుగులో ముగ్గురి మొహాలూ. ఎవరో గోధుమల గిన్నె తెచ్చి పెట్టారు, పగలని గింజలమీద తేనె మెరుస్తోంది. మైరన్ గడ్డంమీద మంచు ఇంకా కరగలేదు, టోపీ ఒత్తిన గుర్తు నుదుటిమీద ఎర్రగా ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి. ఏటా ఇలాగే ఉంటాయి ఈ ఒక్క నిమిషం. ముప్పై నాలుగేళ్ళుగా ఈ నిమిషాన్ని చూడడానికే కాబోలు తను పన్నెండూ చేస్తున్నది. దీన్ని పాడుచెయ్యడమా? ఒక్క భోజనం. ఒక్క గంట ఓర్చుకుంటే. అత్తగారు కూడా ఒక్క గంటే అనుకుని ఉంటుంది. గడ్డిని పట్టుకుని, ఒక్క పాట అయ్యేదాకా, ఒక్క వంట అయ్యేదాకా. మైరన్ గిన్నె ఎత్తాడు. “క్రీస్తు పుట్టాడు,” అన్నాడు.

ఆయన్ని స్తుతించండి, అని బదులు చెప్పాలి. ఒదార్కా చెప్పింది, రోమానా చెప్పింది. మూడో గొంతు కోసం అందరూ ఆమెవైపు తిరిగారు. నోరు తెరిచింది. ఆ నాలుగు ముక్కల మాట ఇన్నేళ్ళుగా లోపల ఎక్కడ దాక్కుందో, బయటికి రావడానికి ఎంత దూరం నడవాలో.

“నాకు ఛాతీలో నొప్పిగా ఉంది,” అంది యుస్తినా.

“ష్,” అంది ఒదార్కా, ఆలోచన లేకుండానే వేలు పెదాలమీదికి వెళ్ళిపోయింది. “ఈ పూట ఆ మాట...” ఆగిపోయింది.

“పన్ను కాదు ఒదార్కా. మీ అమ్మకీ పన్ను కాదు.”

ఒదార్కా వేలు పెదాలమీదే ఉండిపోయింది. దాని వెనక మొహం మెల్లిగా విరిగింది. “తెలుసు,” అంది. “నాకు ఆ రాత్రే తెలుసు.”

తరవాత అన్నీ ఒక్కసారే జరిగాయి. గిన్నె బల్లమీద పడి గోధుమలు చెదిరాయి. రోమానా ఫోనులో ఎవరితోనో గట్టిగా, చాలా స్పష్టంగా మాట్లాడుతోంది, దాని గొంతులో పాఠాలేమీ లేవు. అంబులెన్సు బయల్దేరింది గాని దూరం చాలా ఉంది, మంచు దారి, మీరూ ఎదురు రండి, మధ్యలో కలుద్దాం, ఆమెతో ఆస్పిరిన్ నమిలించండి, అంటున్నారు అవతలినుంచి. ఆ రోజు ఆమె నోట్లోకి పోయిన మొదటి తిండి అదే, చేదుగా, సుద్దలా. ఒదార్కా నేలమీద మోకాళ్ళేసుకుని తన పాదాలకి బూట్లు తొడుగుతోంది. ఎప్పుడూ ఎవరి ముందూ వంగని మనిషి. “పొయ్యిలు నేనార్పేస్తాను. దేన్నీ చూడకు. నడు.” ఇంటినిండా వంటల వాసనలు, పొయ్యిమీద నాలుగు గిన్నెలు, యుస్తినా వాటివైపు తల తిప్పలేదు.

కారులో ఇంకా వేడి రాలేదు. వెనక సీట్లో రోమానా ఆమెని ఆనించుకుని కూర్చుంది, కూతురి గుండె దడదడ తన వీపుకి తగులుతోంది. దారికి రెండువైపులా తెల్లటి పొలాలు, దీపం అనేది లేదు, గాలికి మంచు పొడి పాముల్లా రోడ్డుమీద అడ్డంగా పాకుతోంది. మైరన్ చేతులకి తొడుగులు లేవు, మర్చిపోయాడు. ఫోనులో ఆడగొంతు అంటోంది, ఆమెని మాట్లాడిస్తూ ఉండండి, నిద్రపోనివ్వకండి.

“చెప్పు యుస్త్యా,” అన్నాడు మైరన్, రోడ్డుమీంచి చూపు తిప్పకుండా. “ఎక్కడ నొప్పి?”

“ఛాతీలో. చేతిలో. దవడలో. వీపులో కూడా, వీపు సంగతి ఇందాక చెప్పలేదు.”

“ఎప్పట్నుంచి?”

“పొద్దున్నుంచి.” ఊపిరి తీసుకుంది. “కాదు. మొన్న మెట్లెక్కుతుంటే. అంతకుముందు ఆదివారం చర్చిలో, మోకరిల్లి లేవలేకపోయాను, నువ్వు చూడలేదు.”

“చూశాను,” అన్నాడు. “అలిసిపోయావనుకున్నాను. ఇంకా చెప్పు.”

చెప్పింది. తపాలా ఆఫీసులో వెనక గదిలో గోనెలమీద కూర్చుండిపోవడం. అర్ధరాత్రి లేచి నీళ్ళు తాగి, అతన్ని లేపకుండా గోడకి చేరబడడం. భయం. భయంగా ఉంది మైరన్, అంది, ఆ మాట ఎన్నేళ్ళయిందో అని. మాట వెంట మాట వస్తోంది, నొప్పి తగ్గలేదు, అయినా ఆపాలనిపించలేదు. దూరాన రెండు దీపాలు కనిపించాయి. పెద్దవయ్యాయి. రోమానా చెయ్యి ఆమె భుజంమీద బిగుసుకుంది. దీపాలు దగ్గరకొచ్చి, కళ్ళు చెదరగొట్టి, ధాన్యం లారీ ఒకటి మంచు చిమ్ముకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. వెనక మళ్ళీ చీకటి.

“అది కాదు,” అన్నాడు మైరన్. “వస్తుంది. నువ్వు ఆగకు.”

ఆమె ఆగలేదు.